టాకాలు వేసిన ఎర్రజెండా

పోయిన నెల కోల్‌కతా నుంచి వచ్చిన మా అమ్మాయి, మా ఆయన డ్యూటీకి వెళితే నేను ఒక్కదాన్నీ ఇంట్లో ఉంటానని, ఝపటాపూర్‌లో మా గుమ్మానికి కెమెరా ఉన్న కాలింగ్‌బెల్ పెట్టించి వెళ్ళింది. ఎవరు బెల్లు నొక్కినా ముందు వాళ్ళ మొహం నా ఫోన్‌లో కనబడుతుంది. చూసి, నమ్మకం కుదిరితేనే తలుపు తీయాలట. చిక్కేమిటంటే ఆ గాజు ముందు నిలబడ్డ మనిషి ఎంత మంచివాడైనా, ముక్కు ముందుకొచ్చి, నుదురు వెనక్కి పోయి, ఇప్పుడే ఎక్కడో కన్నం వేసి వచ్చినవాడిలా ఉంటాడు. రోజూ ఆకుకూర తెచ్చే దీదీని చూసి మొదటిరోజు జడుసుకున్నాను. ఎదురింటి మాస్టారు పేపరు అడగడానికి వస్తే రెండు నిమిషాలు ఆయన్ని ఎండలో నిలబెట్టి తేరిపార చూశాను. ఆయన నొచ్చుకున్నారు. ఆ సాయంత్రం అమ్మాయితో, "మీ తాతయ్య ఉంటే ఈ కెమెరాని చూసి మురిసిపోయేవారే" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే కాదనిపించింది. మా మామగారు ముందు ఆ కెమెరానే అనుమానించేవారు.

ఇరవయ్యేళ్ళ పైమాట. నేను పెళ్ళయి టెక్కలి నుంచి ఈ బెంగాలీ ఊళ్ళో ట్రాఫిక్ కాలనీ రైల్వే క్వార్టర్‌కి కాపురానికి వచ్చేసరికి అత్తగారు లేరు. మా ఆయన గూడ్సు గార్డు, వారంలో సగం రోజులు బండి మీదే. ఇంట్లో ఉండేది నేనూ, మామగారూ. ఆయన సిక్ లైన్‌లో ఫిట్టరు. జబ్బుపడ్డ వ్యాగన్లని బండి నుంచి విడదీసి తెచ్చి, ఓ పక్క నిలబెట్టి బాగుచేసే లైను అది. ముప్ఫై ఏళ్ళుగా వ్యాగన్ల అడుగున పడుకుని, అక్కడ ఏది అరిగిందో ఏది విరిగిందో చూసీ చూసీ, ఆయనకి మనుషుల్ని కూడా అలాగే చూడటం అలవాటైపోయింది. వచ్చిన మర్నాడే నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "సూడమ్మా, ఊరికే నవ్వినోడు ఉండడు. నవ్వినాడంటే ఆడికి నీతో ఏదో పని పడ్డాదని. ఎవుల్నీ నమ్మకు. నన్ను కూడా నమ్మకు, నాకు మతిమరుపు."

నేనేమో దారినపోయే వాళ్ళని కూడా పిలిచి మంచినీళ్ళిచ్చే ఇంటి నుంచి వచ్చినదాన్ని. మామగారి పద్ధతులు చూసి మొదట్లో నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయేదాన్ని. పాలవాడి మాట మీద నమ్మకం లేక ఆయన కోసు దూరంలో ఉన్న పూరీ గేట్ దాకా నడిచి వెళ్ళి గేదెని చూసొచ్చారు. "ఎలా ఉంది మావయ్యా?" అంటే, "గేదె మంచిదే, ఆడి సంగతే తెలీదు" అన్నారు. చేపలు కొనడానికి వెళితే మొప్పలు ఎత్తి, కంటిని బొటనవేలితో నొక్కి, వాసన చూసి, చివరికి చేపలమ్మే బెంగాలీ అన్న, అదే దాదా, మొహంలోకి చూసి, "ఇది మీ ఇంట్లో వండుతావా?" అని బెంగాలీలో నిలదీసేవారు. గేటు గడియ వేసి పదడుగులు నడిచి, వెనక్కి వచ్చి లాగి చూసి, మళ్ళీ పదడుగులు నడిచి మళ్ళీ వచ్చేవారు. మూడోసారికి గానీ ఆయన కాళ్ళు వీధిన పడేవి కావు. మధ్యాహ్నం భోజనం క్యారేజీ ఎవరిచేతికిచ్చి పంపినా మూత తీసి చూస్తారని ఆయన అనుమానం. అందుకని రోజూ నేనే పట్టుకెళ్ళేదాన్ని.

ఇక పక్కింటాయన. ఒకే గోడకి అటూ ఇటూ మా రెండు క్వార్టర్లు. వాళ్ళు తుని వైపు నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ క్రైస్తవులు. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని, ఆవిడని పిన్ని అనేదాన్ని. బాబాయ్ కూడా సిక్ లైన్‌లోనే, మామగారికి జోడీ. ఇద్దరూ ఇరవయ్యేళ్ళుగా ఒకే వ్యాగన్ మీద పనిచేస్తున్నారు. ఇంటి దగ్గర మాత్రం మామగారి అనుమానాల్లో సగం ఆయన వాటాకే వచ్చేవి. పనసచెట్టు మొదలు వాళ్ళ పెరట్లో ఉంది, కాసే కొమ్మ మా వైపుంది. కాయలు పిందెలుగా ఉండగానే మామగారు స్టూలెక్కి, వ్యాగన్ల మీద రాసే సుద్దముక్కతో వాటి మీద వరుసగా నంబర్లు వేసేవారు. ఒకసారి ఏడో నంబరు కనబడలేదు. మూడు రోజులు బాబాయ్‌తో మాట్లాడలేదు. తర్వాత వానకి సుద్ద కారిపోయిందని తేలింది, కాయ అక్కడే ఉంది. అయినా, "ఆడే తుడిచి ఉంటాడు, మరో ఏడాదికి అలవాటు సేస్తన్నాడు" అన్నారు. క్రిస్మస్‌కి పిన్ని కేకు పంపితే వెనకా ముందూ తిప్పి చూసి, "ఏదో పని పడ్డాది ఆడికి నాతో" అంటూనే మూడు ముక్కలు తినేవారు. ఆ పని ఏమిటో ఏ ఏడాదీ బయటపడలేదు.

సిక్ లైన్ దగ్గరికి క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు కంచె ఇవతల నిలబడి వాళ్ళ పని చూసేదాన్ని. పని మొదలుపెట్టే ముందు లైను మొదట్లో పట్టాల మధ్య ఒక ఇనప కడ్డీ పాతి, దానికి ఎర్రజెండా తొడుగుతారు. ఆ జెండా ఉన్నంతసేపూ ఇంజను ఆ లైన్లోకి రాకూడదు. పెట్టినవాడే దాన్ని తీయాలి, మరొకడు ముట్టుకోకూడదు. వీళ్ళిద్దరిలో జెండా పని బాబాయ్‌ది, అడుగున దూరే పని మామగారిది. మామగారు గమ్చా తువ్వాలు తలకి చుట్టుకుని, చక్రాల మధ్య వెల్లకిలా పడుకుని లోపలికి జరిగిపోయేవారు. కాళ్ళు మాత్రం బయటికి కనబడేవి. బాబాయ్ పనిముట్లు అందిస్తూ, కావలసిన సామాను తెస్తూ అటూ ఇటూ తిరిగేవాడు. ఇందులో విశేషమేదీ అప్పట్లో నాకు కనబడలేదు.

పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న కుట్టుమిషను కాలనీలో అందరికీ చుట్టమే. జాకెట్లు, దిండు గలీబులు, బడిసంచులు, ఏది చిరిగినా నా దగ్గరికి వచ్చేది. ఒక వేసవి ఉదయం పిన్ని హడావిడిగా గోడ మీంచి ఎర్రజెండా అందించింది. కడ్డీకి తొడిగే గొట్టం లాంటి మడత పిగిలిపోయిందట. "కొత్తది ఇంకా ఇయ్యలేదంటమ్మా. రెండు కుట్లు ఎయ్యి, మీ బాబాయ్ గుమ్మంలో నిలబడున్నాడు" అంది. మిషను మీద పెట్టి సగం కుట్టేసరికి బాబిన్‌లో దారం అయిపోయింది. ఎర్రదారం ఉండ ఎక్కడుందో కనబడలేదు. డ్యూటీకి వేళైపోతోందని, చేతికి దొరికిన సూదిలో ఉన్న నల్లదారంతో మిగిలిన జానెడు మేర చేత్తో టాకాలు వేసేశాను. టాకా అంటే తెలుసుగదా, అసలు కుట్టు పడేదాకా గుడ్డ జారకుండా వేసే పోగు. "సాయంత్రం మళ్ళీ ఇవ్వండి పిన్నీ, గట్టిగా కుడతాను" అన్నాను. ఆ సాయంత్రం ఆవిడ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మర్నాటికి ఇద్దరం మరిచిపోయాం.

అయిదో రోజో ఆరో రోజో, మధ్యాహ్నం మూడింటికి ఆకాశం నల్లబడింది. ఇక్కడ వేసవిలో ఉన్నట్టుండి విరుచుకుపడే కాలబైశాఖి గాలి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందు దుమ్ము, తర్వాత పెంకులు ఎగరడం, తర్వాత వాన. ఆరేసిన బట్టల కోసం పెరట్లోకి పరుగెత్తితే పక్కనున్న గోడ కూడా కనబడలేదు. సరిగ్గా ఆ దుమ్ములోనే, సిక్ లైన్లోకి ఒక ఇంజను రెండు వ్యాగన్లని తోసుకుంటూ వచ్చిందట. డ్రైవరుకి జెండా కనబడలేదు. బాబాయ్ బ్రేకు సామాను తేవడానికి షెడ్డు వైపు వెళ్ళాడు. మామగారు అడుగున ఉన్నారు. ఆ తాకిడికి ఆయన పైనున్న వ్యాగన్ చక్రం బారెడు దూరం కదిలింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు కాబట్టి చప్పుడు వినగానే పక్కకి దొర్లి బయటపడ్డారు. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. గమ్చా చేతికి కట్టుకుని, తడిసి ముద్దయి ఇంటికి వచ్చారు. పక్కన బాబాయ్ ఉన్నాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగాడు. "ఏటీ అవలేదమ్మా, టీ పెట్టు" అన్నారు మామగారు.

కడ్డీ పాతిన చోటే ఉంది. దానికి గుడ్డ లేదు. చుట్టుపక్కల ఎంత వెదికినా ఎర్రగుడ్డ దొరకలేదు. గాలికి ఎగిరిపోయిందని బాబాయ్ అన్నాడు. అసలు తొడగనే లేదేమోనని పైవాళ్ళ అనుమానం. బాబాయ్‌ని డ్యూటీకి రావద్దన్నారు, ఎంక్వయిరీ అన్నారు. జెండా పెట్టలేదని తేలితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు క్వార్టరూ ఖాళీ చెయ్యాలి. రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్ళుంది. పిన్ని గోడ దగ్గరికి రావడం మానేసింది. కాలనీలో మాత్రం అందరికీ అన్నీ తెలిసిపోయాయి. పనస కాయల పగ ఇలా తీర్చుకున్నాడని కొందరు, ఆ రెండిళ్ళ మధ్యా మాటల్లేని సంగతి ఎప్పటినుంచో చూస్తున్నామని కొందరు. వెనక వరస క్వార్టర్‌లో ఉండే ఒక పెద్దాయన మా ఇంటికే వచ్చి, "నువ్వు ఎప్పుడూ అనేవోడివి కదా అన్నా, ఆణ్ణి నమ్మకూడదని. ఇప్పుడు సూసినావా?" అన్నాడు. మామగారు ఆయన్ని కాసేపు ఎగాదిగా చూశారు. "ఎల్లు" అన్నారు. అంతే, తలుపు వేసేశారు. ఆ రోజు గడియ ఒక్కసారే వేశారు, మళ్ళీ లాగి చూడలేదు.

నా సంగతి చెప్పాలి. గుడ్డ ఎగిరిపోయిందన్న మాట విన్న క్షణమే నాకు నా జానెడు టాకాలు గుర్తొచ్చాయి. అన్నం సహించలేదు. మామగారి మోచేతికి అవసరం లేకపోయినా రోజుకి నాలుగుసార్లు మందు రాసేదాన్ని. ఆ చక్రం ఇంకో బారెడు కదిలి ఉంటే ఏమయ్యేదోనని రాత్రంతా అదే ఆలోచన. చెప్పకపోతే బాబాయ్ ఉద్యోగం పోతుంది. చెబితే, ఈ లోకంలో ఎవర్నీ నమ్మని మనిషికి, ఆయన్ని చంపబోయింది ఆయన ఇంట్లో అన్నం పెడుతున్న కోడలేనని నా నోటితో చెప్పినట్టవుతుంది. ఆ తర్వాత ఆయన నా చేతి టీ కూడా వాసన చూసి తాగుతారని భయం వేసింది. నవ్వొచ్చే భయమే, కానీ అప్పుడు ఏడుపే వచ్చింది. రెండు రోజులు నాలో నేనే కొట్టుమిట్టాడాను. మూడో రోజు ఉదయం ఎంక్వయిరీలో సాక్ష్యం చెప్పడానికి మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే, టీ గ్లాసు చేతికిచ్చి మొత్తం చెప్పేశాను.

ఆయన గ్లాసు అందుకున్నారు. "టాకాలు ఏసినావా?" అన్నారు. "అవును మావయ్యా." "ఎంత మేర?" "జానెడు." "దారం ఏ రంగు?" "నలుపు." టీ మొత్తం తాగారు. గ్లాసు కింద పెట్టి, "సెప్పులేసుకో, ఎల్దాం" అన్నారు. దారి పొడుగునా ఆయన ముందు, నేను వెనక. కోపమో కాదో తెలియక ఆయన వీపు వంకే చూస్తూ నడిచాను.

ఎంక్వయిరీ చేసే సాహెబు బెంగాలీ ఆయన, కళ్ళజోడు కింద నుంచి చూసే మనిషి. గదిలో ఒక పక్క బాబాయ్ తలొంచుకుని నిలబడి ఉన్నాడు. నన్ను గుమ్మం బయట బల్ల మీద కూర్చోబెట్టారు, గదంతా కనబడుతోంది, మాటలన్నీ వినబడుతున్నాయి. సాహెబు హిందీలో అడిగారు, "ఇతను జెండా పెట్టడం మీరు మీ కళ్ళతో చూశారా?" చూశానని ఒక్క మాటంటే సరిపోయేది. నేను బల్ల అంచుకి జరిగాను. మామగారు తన హిందీలో, "నహీ దేఖా, సాబ్" అన్నారు. బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. సాహెబు రాసుకోబోతుంటే మామగారు చెయ్యెత్తి ఆపి, ఇంకా చెప్పారు. ఆ హిందీ అక్కడక్కడా తెలుగులోకి జారిపోయింది, నేను ఆయన భాషలోనే రాస్తున్నాను. "ఆ రోజే కాదు సాబ్. ఇరవయ్యేళ్ళలో ఒక్కనాడూ సూడలేదు. ఆడు పెడతాడు, నాను దూరతాను. సూడాలని ఎప్పుడూ తోసలేదు. పెట్టకుండా ఆడు నన్ను లోపలికి పోనివ్వడు. ఇంతకంటే నాకేటీ తెలీదు."

నేను ఆ బల్ల మీద కూర్చుని నోరు తెరిచి వింటున్నాను. గడియ మూడుసార్లు లాగి చూసే మనిషి. గేదెని చూడ్డానికి కోసు దూరం నడిచిన మనిషి. రోజూ తన ప్రాణం ఎక్కడ పెడుతున్నాడో అక్కడ మాత్రం ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. పనసకాయ విషయంలో నమ్మని మనిషిని ప్రాణం విషయంలో నమ్మడం వింత కదా అని ఆయనకి ఎప్పుడూ అనిపించి కూడా ఉండదు. నమ్ముతున్నానని తెలియకుండానే నమ్మడం అంటే ఏమిటో నాకు ఆ రోజు ఆ గుమ్మంలో తెలిసింది. సాహెబు కలం కింద పెట్టి, తుడవక్కర్లేని కళ్ళజోడు తుడుచుకున్నారు.

తర్వాత నన్ను పిలిచారు. జరిగింది చెప్పాను. ఆ కడ్డీ తెప్పించమని అడిగాను. తెచ్చారు. పై కొసన బెత్తెడు ఎర్రపీలిక ఇంకా అంటుకుని ఉంది, పాత గుడ్డ ఏదో అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. దాని అంచున నల్లదారం తెగిన పోగులు నాలుగు. అవి నావే. నా కుట్టుని నేను ఎక్కడైనా గుర్తుపడతాను. సాహెబు కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. జెండా తొడిగే ఉందని, గాలికి టాకాలు తెగి ఎగిరిపోయిందని ఒప్పుకుని, బాబాయ్‌ని మర్నాటి నుంచి డ్యూటీకి రమ్మన్నారు. ఇకనుంచి గుడ్డ కూడా లాగి చూసి పెట్టమని కాగితం మీద హెచ్చరిక రాసి ఇచ్చారు. నా వైపు తిరిగి, "బౌమా, మొదలుపెట్టిన కుట్టు పూర్తి చెయ్యాలి" అన్నారు, తమ ఇంటి కోడల్ని బెంగాలీలో పిలిచినట్టే. బయటికి వచ్చాక బాబాయ్ మామగారి చెయ్యి పట్టుకున్నాడు. మామగారు కాసేపు పట్టుకోనిచ్చి, "పన్నెండో నంబరు పండినాది. మీ ఆవిడ కోసీగలదు, ముందే సెప్తన్నాను" అన్నారు. బాబాయ్ ఏడుస్తూనే నవ్వాడు.

రెండు రోజుల తర్వాత కొత్త గుడ్డ వచ్చింది. బాబాయ్ తీసుకోవలసిన గుడ్డని మామగారే అడిగి తెచ్చి, నా మిషను మీద పెట్టి, ఏమీ చెప్పకుండా కుర్చీలో కూర్చున్నారు. బాబిన్ నిండా ఎర్రదారం చుట్టుకుని, మూడు వరసలు కుట్టాను. అడ్డంగా మళ్ళీ కుట్టాను. అంత భక్తిగా నా పెళ్ళి జాకెట్టు కూడా కుట్టుకోలేదు. పూర్తయ్యాక రెండు చేతులతో ఆయనకి అందించి, ఎదురుగా నిలబడ్డాను. లాగి చూస్తారు, వెలుతురుకి పెట్టి చూస్తారు, ఒక్కో కుట్టు లెక్కపెడతారు, చూడనీ అనుకున్నాను. చూసే హక్కు ఆయనకి ఉంది. ఆయన గుడ్డని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని లేచారు. నేను ఉండబట్టలేక, "గట్టిగా ఉందో లేదో లాగి చూడరా, మావయ్యా?" అన్నాను. ఆయన నిజంగానే అర్థం కానట్టు నా మొహంలోకి చూశారు. "దేనికి?" అన్నారు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళి, గేటు గడియ వేసి, పదడుగులు నడిచి వెనక్కి వచ్చి లాగి చూసుకుని, డ్యూటీకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన అయిదేళ్ళు పనిచేశారు, ఆ అయిదేళ్ళూ ఆ లైన్లో జెండా గుడ్డలన్నీ నేనే కుట్టాను, ఒక్కటీ ఆయన లాగి చూడలేదు. పాలవాడినీ చేపల దాదానీ చివరిదాకా అనుమానిస్తూనే, నిండు వయసులో, తృప్తిగా వెళ్ళిపోయారు. ఆయన మాటలు చాలా మరిచిపోయాను. ఆ 'దేనికి' మాత్రం మిగిలింది. అది విన్న రోజు, అంత నమ్మకానికి నేను తగినదాన్ని కాదని మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన ఒక్క క్షణంలో ఇచ్చేసిన దానికి తగినదాన్ని కావడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, ఇంకా కొన్నేళ్ళు పట్టేలా ఉంది.